యాక్సిడెంట్ తర్వాత మెడ, నడుము నొప్పి: ఎముక విరగలేదు, క్లెయిమ్ వేయవచ్చా?

వనస్థలిపురం_అక్క

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళ కారులో ఊరికి బయల్దేరాం. పంతంగి టోల్ ప్లాజా ముందు ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలుసు. క్యూలో కారు ఆగి ఉండగా వెనక నుంచి డీసీఎం (మినీ లారీ) వచ్చి గుద్దింది. వెనక సీట్లో మా ఆయన కూర్చున్నారు. రక్తం కారలేదు, ఎముక విరగలేదు. ఆ రోజు ఆయన బాగానే ఉన్నారు, పైగా అందరికీ ధైర్యం చెప్పారు. మర్నాడు పొద్దున మెడ తిప్పలేకపోయారు. ఆ తర్వాత నడుము కూడా పట్టేసింది, ఎడమ కాల్లోకి లాగుతోంది.

ఆయన టైల్స్ మేస్త్రీ. వయసు 34. రోజంతా వంగి, మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని. మొదట వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించాం. తగ్గక పెద్దాసుపత్రికి వెళ్తే ఎంఆర్ఐ తీశారు. మెడలో సీ5-సీ6, నడుములో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు ఉబ్బడం) అని రాశారు. ఇప్పుడు మే నెల, ఇంకా పనిలోకి పూర్తిగా వెళ్ళలేకపోతున్నారు. సగం రోజు చేస్తే మర్నాడు మంచం దిగలేరు.

కేసు మాత్రం మర్నాడే మా ఆడపడుచు భర్త పెట్టారు. ఎఫ్‌ఐఆర్‌లో మా ఆయన పేరు ఉంది, "స్వల్ప గాయాలు" అని రాశారు. ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో కూడా "సింపుల్" అనే ఉంది. డీసీఎం ఓనర్ 20 వేలు ఇస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టండి అంటున్నాడు. ఫ్రాక్చర్ లేకపోతే కోర్టులో ఏమీ రాదు, తీసుకోండి అని చుట్టాలు చెబుతున్నారు. నిజంగా ఏమీ రాదా?

కొత్తపేట_కుర్రాడు

అక్కా, మా బాబాయికి ఇలాగే అయితే ఓనర్ ఇచ్చింది తీసుకున్నారు. కోర్టంటే ఏళ్లు పడుతుంది. చేతికొచ్చే డబ్బు వదులుకోకండి అని నా అభిప్రాయం.

డీసీఎం_అన్న

నాకు రెండు బండ్లు ఉన్నాయి, కాబట్టి ఓనర్ వైపు నుంచి చెప్తా చెల్లీ. బండికి ఇన్సూరెన్స్ సరిగా ఉంటే నష్టపరిహారం కట్టేది కంపెనీ. ఓనర్ జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు. అయినా ముందుకొచ్చి 20 వేలు ఇస్తానంటున్నాడంటే కారణం ఉంటుంది. ఇన్సూరెన్స్ గడువు దాటిపోయి ఉండొచ్చు. డ్రైవర్‌కి ఆ బండి నడిపే లైసెన్స్ లేకపోవచ్చు. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగలేక అడుగుతున్నాడేమో, అదీ ఉంటుంది. మంచివాడే అయి ఉండొచ్చు కూడా.

ముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడు. ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటివరకు ఉందో చూపిస్తుంది. అది చూడకుండా ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఆ స్టాంపు పేపర్లో "ఇకమీదట ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అన్న లైను తప్పకుండా ఉంటుంది. ఆ లైను కోసమే ఆ 20 వేలు.

నల్గొండ_గుమాస్తా

అమ్మా, నేను ఒక ప్లీడరు గారి దగ్గర చాలా ఏళ్లుగా గుమాస్తాని. మోటారు ప్రమాదాల కేసులే మా ఆఫీసులో ఎక్కువ. మీ ప్రశ్నకి జవాబు: ఫ్రాక్చర్ ఉంటేనే క్లెయిమ్ అని చట్టంలో ఎక్కడా లేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద గాయపడిన వ్యక్తి ఎవరైనా ట్రిబ్యునల్‌కి (మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకి) దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే విరిగిన ఎముక ఎక్స్-రేలో తానే సాక్ష్యం చెబుతుంది. నొప్పికి మీరు సాక్ష్యం కూడగట్టాలి. తేడా అంతా అక్కడే.

ముందు గడువు చూసుకోండి. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 166(3) 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఈ నిబంధన మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకు సంక్రాంతి నుంచి లెక్క వేస్తే జులై మధ్యకి ఆరు నెలలు నిండుతాయి. మేలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. అంటే ఈ నెలలో కాగితాలు సిద్ధం చేసుకుని జూన్‌లో కోర్టు తెరవగానే వేసేయాలి.

ఎక్కడ వేయాలన్నది రెండో సంగతి. ప్రమాదం జరిగింది చౌటుప్పల్ దగ్గర కాబట్టి భువనగిరి వెళ్ళాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. మీరు ఉండే చోట కూడా వేయొచ్చు. మీకు ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టు దగ్గర.

ఇక కాగితాలు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, ఘటనా స్థలం పంచనామా, బండిని తనిఖీ చేసిన ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, డీసీఎం ఆర్‌సీ, పాలసీ, డ్రైవర్ లైసెన్స్ కాపీలు. ఇవన్నీ పోలీసుల దగ్గర ఉంటాయి. 2022 రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. అయినా మీ పిటిషన్ మీరు విడిగా వేయడమే మేలు. ఆయన నొప్పి గురించి, పని గురించి పోలీసు నివేదికలో ఏముంటుంది?

ఫిజియో_విశాఖ

నేను ఫిజియోథెరపిస్టుని. కేసు సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను ఒళ్ళు సంగతి చెబుతాను.

మర్నాడు నొప్పి రావడం చాలా మామూలు. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు వీపుని ముందుకి తోస్తుంది, తల ఒక్క క్షణం వెనకబడి తర్వాత ముందుకి విసురుగా వస్తుంది. మెడ కండరాలు, లిగమెంట్లు, చిన్న కీళ్లు సాగిపోతాయి. దీన్నే విప్‌లాష్ అంటారు. వాపు, పట్టేయడం మెల్లగా పెరుగుతాయి కాబట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి బయటపడుతుంది. "స్పాట్‌లో బాగానే ఉన్నాడు కదా" అని ఎవరైనా అంటే, అది నొప్పి లేదనడానికి రుజువు కాదు.

ఎంఆర్ఐ గురించి ఒక మాట చెప్పాలి, వినడానికి మీకు కష్టంగా ఉండొచ్చు. డిస్క్ బల్జ్ ఉన్నంత మాత్రాన అది యాక్సిడెంట్ వల్లే వచ్చిందని చెప్పలేం. ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా 20 ఏళ్ల వయసులో దాదాపు 30 శాతం మందిలో బల్జ్ కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. వయసుతో పాటు అది పెరుగుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఇది వయసుతో వచ్చిన అరుగుదల కాదా?" అందుకని స్కాన్ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళొద్దు. దానికి తోడుగా శరీర పరీక్ష కావాలి. మెడ ఎంతవరకు తిరుగుతోంది, పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే ఎంత ఎత్తుకి నొప్పి వస్తోంది, కాలి బొటనవేలి బలం తగ్గిందా, స్పర్శ ఎక్కడ తెలియడం లేదు. ఇవి డాక్టరు ప్రతిసారీ ఓపీ చీటీలో రాయాలి. రాయకపోతే మర్యాదగా అడగండి. కాల్లోకి లాగుతోంది అన్నారు కాబట్టి నరాల పరీక్ష అవసరమా అని కూడా అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: మల మూత్రాలు పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, కాలు బలం ఉన్నట్టుండి తగ్గినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అపాయింట్‌మెంట్ కోసం తెల్లారేదాకా ఆగకూడదు.

మెడ పట్టీ నెలల తరబడి పెట్టుకోవద్దు, కండరాలు బలహీనపడతాయి. పూర్తి మంచం విశ్రాంతి కూడా మంచిది కాదు. డాక్టరు చూసి ఒప్పుకున్న వ్యాయామాలు రోజూ చేయించండి. కేసు కోసం బాగుపడకుండా ఉండాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మనిషి ముందు.

వనస్థలిపురం_అక్క

అందరికీ చాలా థాంక్స్. డీసీఎం అన్నా, యాప్‌లో చూశాం, ఇన్సూరెన్స్ ఉంది. సంతకం పెట్టలేదు.

రెండు డౌట్లు. మొదటిది, సర్టిఫికెట్‌లో "సింపుల్" అని ఉంది కదా, అది మార్చమని ఆసుపత్రిని అడగాలా? రెండోది, ఆయనకి యాక్సిడెంట్‌కి ముందు కూడా అప్పుడప్పుడు నడుము నొప్పి వచ్చేది. టైల్స్ పని చేసే వాళ్లందరికీ ఉండేదే. రెండేళ్ల క్రితం ఒకసారి మందులు కూడా వాడారు. ఇది చెప్పకుండా ఉండమని ఒకాయన అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు_మాస్టారు

అమ్మాయీ, ఆ సలహా ఇచ్చిన వారిని దూరం పెట్టండి. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. నా బండిని ఆటో గుద్దింది, మెడ నొప్పి మీదే కేసు నడిపాను. బోనులో నిలబడ్డప్పుడు ఎదుటి వకీలు నన్ను ఎంతోసేపు అడిగింది నొప్పి గురించి కాదు. పాత ఆసుపత్రి చీటీల గురించి, నేను కోర్టుకి ఏ బండి మీద వచ్చానన్న దాని గురించి. నా పాత చీటీ మా వకీలు గారు ముందే దాఖలు చేశారు. "అవును, అంతకు ముందు నొప్పి ఉండేది, వారం మందులు వాడితే తగ్గేది, రోజూ బడికి వెళ్ళేవాణ్ణి. ప్రమాదం తర్వాత బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తలేకపోతున్నాను" అని చెప్పాను. ఆ తర్వాత ఆయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. దాచి ఉంటే ఆ ఒక్క చీటీతో నా మాటలన్నీ అబద్ధాలుగా కనిపించేవి.

మీ ఆయన నడుము ప్రమాదానికి ముందు నొప్పి పుట్టినా పని చేసింది. ఇప్పుడు చేయడం లేదు. ఆ తేడానే మీరు చూపించాల్సింది.

నల్గొండ_గుమాస్తా

మాస్టారు గారి మాట బంగారం.

సర్టిఫికెట్ మార్చమని అడగకండి, వాళ్ళు మార్చరు, మార్చినా అనుమానం వస్తుంది. ఆ "సింపుల్" (స్వల్ప), "గ్రీవియస్" (తీవ్ర) అనేవి క్రిమినల్ కేసులో ఏ సెక్షన్ పెట్టాలో తేల్చడానికి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116లో తీవ్ర గాయం అంటే ఏమిటో జాబితా ఉంది. ఎముక విరగడంతో పాటు, 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది కూడా తీవ్ర గాయమే అవుతుంది. పాత ఐపీసీలో ఇది 20 రోజులు. మొదటిరోజు చూసిన డ్యూటీ డాక్టరుకి 15 రోజుల తర్వాత సంగతి ఎలా తెలుస్తుంది? కాబట్టి తర్వాతి వైద్యం కాగితాలు దర్యాప్తు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఛార్జిషీటు ఇంకా వేయకపోతే పనికొస్తుంది. ఆయన మార్చకపోయినా పర్వాలేదు, ట్రిబ్యునల్ ఆ ఒక్క మాటకి కట్టుబడదు. క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందన్నదే అక్కడ చూస్తారు.

ఇక అసలు విషయం, డాక్టరు సాక్ష్యం. సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ కేసులన్నిటికీ ఆధారం. ఒంటికి ఎంత శాతం వైకల్యం వచ్చిందన్నది వేరు, దానివల్ల సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు అని అందులో స్పష్టంగా చెప్పారు. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో దాదాపు నూరు శాతం నష్టం, అదే ప్రభుత్వ గుమాస్తాకైతే ఉద్యోగం ఉంటుంది కాబట్టి ఆ లెక్క వేరు అని ఉదాహరణ కూడా ఇచ్చారు. మీ కేసుకి ఇది ప్రాణం. ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషికి 10 శాతం నడుము వైకల్యం వస్తే జీతం తగ్గదు. వంగి టైల్స్ పరిచే మనిషికి అదే 10 శాతం ఇంకా పెద్ద దెబ్బ. ఆయన పని ఎలా ఉంటుందో, రోజుకి ఎన్ని పెట్టెలు మోస్తారో, ఎంతసేపు వంగి ఉంటారో పిటిషన్‌లో వివరంగా రాయించండి. చాలా పిటిషన్లలో "కూలీ" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, చూస్తే బాధేస్తుంది.

నిజం_మాట్లాడుదాం

ఈ అక్క కేసు నిజమే అనిపిస్తోంది, ఆమెని అనడం లేదు. కానీ మెడ నొప్పి, నడుము నొప్పి కేసుల్లో దొంగ క్లెయిమ్‌లు ఎంత ఉన్నాయో కూడా మాట్లాడాలి. ఆసుపత్రి గేటు దగ్గరే ఏజెంట్లు నిలబడతారు. "వైకల్యం సర్టిఫికెట్ మేం తెప్పిస్తాం, వచ్చినదాంట్లో సగం మాకు" అంటారు. అసలు వైద్యమే చేయని డాక్టరు 40 శాతం అని రాసిస్తాడు. ఆ డబ్బు కట్టేది మన ప్రీమియంలతోనే. వీళ్ల వల్ల నిజంగా నొప్పి ఉన్నవాణ్ణి కూడా కోర్టులు అనుమానంగా చూస్తున్నాయి.

నల్గొండ_గుమాస్తా

మీరన్నది నిజం. నేను చెప్పిన ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా హెచ్చరించింది. వైద్యం చేయకుండా అడగ్గానే సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల సాక్ష్యాన్ని జాగ్రత్తగా చూడాలని, అవసరమైతే మెడికల్ బోర్డుకి పంపాలని చెప్పింది. అందుకే అమ్మా, సర్టిఫికెట్ కొనే దారిలోకి వెళ్ళకండి. మొదటి నుంచి చూసిన డాక్టరే వచ్చి చెప్పాలి. శాతం తక్కువ రాసినా ఆ మాటకి ఉండే విలువ వేరు.

వాటా మాట్లాడుకునే విషయం కూడా చెప్పాలి. గెలిచిన సొమ్ములో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మగవాళ్ళకి సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు.

లండన్_తెలుగమ్మాయి

ఇక్కడి పద్ధతి చెబితే పోల్చుకోవడానికి బాగుంటుందని రాస్తున్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లో విప్‌లాష్ కేసులు మరీ ఎక్కువయ్యాయని 2021 మే 31 నుంచి రేట్ల పట్టిక పెట్టేశారు. మూడు నెలల లోపు తగ్గే మెడ నొప్పికి అప్పుడు 240 పౌండ్లు, 2025లో పెంచాక 275. కారు ప్రమాదంలో నా మెడ పట్టేస్తే నాకూ ఆ పట్టిక ప్రకారమే వచ్చింది. చాలా తక్కువ, నిజంగా బాధపడ్డవాళ్లకి ఇది అన్యాయమే అనిపిస్తుంది.

కానీ ఆ చట్టంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. వైద్య నివేదిక లేకుండా విప్‌లాష్ కేసుని ఇన్సూరెన్స్ కంపెనీ రాజీ చేసుకోవడం నిషేధం. నొప్పి ఎంతకాలం ఉంటుందో డాక్టరు చెప్పకముందే చెక్కు చేతిలో పెట్టి సంతకం తీసుకోకూడదు. అక్కా, మన దగ్గర ఆ నిబంధన లేకపోయినా మీ అంతట మీరు పెట్టుకోండి. డాక్టరు ఇక ఇంతకంటే మెరుగవదు, లేదా ఇన్ని నెలల్లో తగ్గుతుంది అని రాసిచ్చేవరకు ఎవరితోనూ అంకె మాట్లాడొద్దు.

కొత్తపేట_కుర్రాడు

పైన నేను డబ్బు తీసుకోమన్నాను, ఇవన్నీ చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా.

నాదీ ఒక ప్రశ్న. నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. రాత్రి ఒక కారు గుద్ది ఆపకుండా వెళ్ళిపోయింది, నంబరు చూడలేదు. వెన్నుపూసలో చిన్న ఫ్రాక్చర్ అన్నారు. గుద్దినవాడే తెలియకపోతే ఎవరి మీద వేయాలి?

నల్గొండ_గుమాస్తా

తమ్ముడూ, నీది హిట్ అండ్ రన్. సెక్షన్ 161 కింద 2022 పథకం ఉంది. తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. ఎఫ్‌ఐఆర్, వైద్యం కాగితాలతో ప్రమాదం జరిగిన చోటి ఆర్డీఓ ఆఫీసులో గానీ తహసీల్దార్ దగ్గర గానీ అడుగు, క్లెయిమ్ విచారణ అధికారి ఎవరో చెబుతారు. ముందు ఆ రోడ్డు మీద షాపుల సీసీ కెమెరాల ఫుటేజీ పోలీసులతో తీయించు, కొన్ని రోజులకే చెరిగిపోతుంది. బండి దొరికితే పూర్తి కేసు వేయొచ్చు, అప్పుడు 50 వేల పరిమితి ఉండదు.

డీసీఎం_అన్న

చెల్లీ, ఒకటి అడగాలి. మీ ఆయనకి రోజుకి ఎంత వస్తుంది, రుజువు ఏముంది? మా డ్రైవర్ల కేసుల్లో నేను చూసింది ఇదే. మనిషి నెలకి పాతిక వేలు సంపాదిస్తాడు, కాగితం ఉండదు, కోర్టు ఓ పది పన్నెండు వేలు వేస్తుంది.

వనస్థలిపురం_అక్క

పని ఉన్న రోజు వెయ్యి వస్తుంది అన్నా. అన్ని రోజులూ ఉండదు, నెలకి సగటున 18 వేలు అనుకోండి. ఎక్కువ ఫోన్‌పేలోనే వేస్తారు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంది. పని ఇచ్చే కాంట్రాక్టర్ మంచివాడు, సాక్ష్యం చెబుతానన్నాడు.

నల్గొండ_గుమాస్తా

చాలామంది దగ్గర ఇంత కూడా ఉండదు. ఫోన్‌పే డబ్బు పడే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్ ప్రమాదానికి ముందు ఏడాదిది, తర్వాత నెలలది, రెండూ తీయించండి. రాబడి ఎక్కడ పడిపోయిందో జడ్జి గారికి కళ్ళకి కనిపిస్తుంది.

లెక్క ఎలా వేస్తారో చూపిస్తాను. నెలకి 18 వేలు అంటే ఏడాదికి 2,16,000. 40 లోపు వయసు, సొంతంగా సంపాదించుకునేవాడు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. ఇది 2017 ప్రణయ్ సేథీ తీర్పు చెప్పిన లెక్క, గాయం కేసులకి కూడా వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు. దాంతో 3,02,400 అవుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం (ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె) 16. హెచ్చిస్తే 48,38,400. ఇందులో సంపాదన శక్తి ఎంత శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే అంత. 5 శాతం అంటే 2,41,920. 15 శాతం అంటే 7,25,760. శాశ్వత నష్టం ఏమీ లేదు, కొన్ని నెలల్లో తగ్గిపోయింది అంటే ఈ పద్దు కింద సున్నా. అప్పుడు వైద్యం ఖర్చు, పని పోయిన నెలల కూలీ, నొప్పికీ బాధకీ ఇచ్చేది, రాకపోకలు, పోషకాహారం, సాయంగా ఉన్న మనిషి ఖర్చు, ఇవే వస్తాయి. వాటికైనా బిల్లులు కావాలి. ఫిజియోకి వెళ్ళిన ఆటో ఖర్చు కూడా ఒక నోటు పుస్తకంలో ఏ రోజుది ఆ రోజు రాయండి.

ఈ అంకెలు చూసి ఆశ పెట్టుకోమని కాదు. డాక్టరు మాట మీద ఎంత ఆధారపడి ఉందో తెలియాలని.

ఫిజియో_విశాఖ

గుమాస్తా గారూ, మీ లెక్కకి ఒక మాట కలుపుతాను. విప్‌లాష్ చాలామందిలో కొన్ని నెలల్లో బాగా తగ్గుతుంది, కొందరికే మిగిలిపోతుంది. అక్క భర్తకి నాలుగు నెలలైనా కాల్లోకి లాగుతోంది కాబట్టి ఆయన్ని సరిగ్గా చూడాల్సిందే, కానీ తగ్గే అవకాశం ఇంకా ఉంది. తగ్గితే అది నష్టం కాదమ్మా. ఏడు లక్షల చిల్లర కంటే ఆయన నిటారుగా నిలబడి పనికెళ్ళడమే మీ ఇంటికి ఎక్కువ.

గుంటూరు_మాస్టారు

నా కేసు ఎక్కడ ఆగిందో చెబుతాను. నాకు వైద్యం చేసిన డాక్టరు గారు బదిలీ అయ్యారు. సమన్లు వెళ్ళాయి, ఆయన ఆపరేషన్ల మధ్య రాలేకపోయారు. వాయిదా మీద వాయిదా. చివరికి మా వకీలు గారు దరఖాస్తు పెడితే కమిషన్ వేశారు. అంటే ఒక అడ్వకేట్ కమిషనర్ ఆసుపత్రికే వెళ్ళి ఆయన సాక్ష్యం నమోదు చేసుకున్నారు. ఇది ఉందని నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మీ డాక్టరు గారిని ఇప్పుడే కలిసి, సాక్ష్యానికి వస్తారా, వీలు కాకపోతే కమిషన్‌కి ఒప్పుకుంటారా అని అడగండి. డాక్టర్లకి కోర్టంటే ఇష్టం ఉండదు, రోజంతా బయట నిలబెడతారని భయం. ఆయన వేళ చూసి సమయం ఇవ్వమని ట్రిబ్యునల్‌ని అడగవచ్చు.

లోక్ అదాలత్‌కి రమ్మని కూడా పిలుస్తారు. అది చెడ్డది కాదు, త్వరగా డబ్బు వస్తుంది, నేను చివరికి అక్కడే ముగించాను. కానీ అక్కడ ఒప్పుకున్నదానికి అప్పీలు లేదు. వైద్యం పూర్తయ్యాకే వెళ్ళండి.

వనస్థలిపురం_అక్క

మళ్లీ వచ్చాను. కోర్టు తెరిచిన వారంలోనే ఎల్బీనగర్‌లో పిటిషన్ వేశాం. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టారు. పాత నడుము నొప్పి చీటీ కూడా జత చేయించాను. వకీలు గారు మొదట వద్దన్నారు, మాస్టారి అనుభవం చెబితే ఒప్పుకున్నారు. ఓనర్‌కి ఫోన్ చేసి, మీ మీద కోపం లేదు, డబ్బు కట్టేది కంపెనీయే అని చెప్పాను. ఆయన కూడా శాంతించాడు.

డాక్టరు గారు వస్తానన్నారు. ఓపీ చీటీలో కాలు ఎత్తే పరీక్ష, వేలి బలం రాస్తున్నారు. మా ఆయన వంగే పని మాని, గోడ టైల్స్ మాత్రం కొంచెం కొంచెం చేస్తున్నారు. కూలీ తక్కువే.

ఒక్కటి అడగాలి. కేసు కోసం ఎంఆర్ఐ మళ్లీ తీయించమని ఒకరు అంటున్నారు, ఎనిమిది వేలు అవుతుందట. తీయించాలా?

ఫిజియో_విశాఖ

కేసు కోసమైతే వద్దు. కాలు బలం తగ్గినా, తిమ్మిరి పెరిగినా, ఆపరేషన్ గురించి ఆలోచించాల్సి వచ్చినా డాక్టరు గారే రాస్తారు, అప్పుడు తీయించండి. ఆ ఎనిమిది వేలు ఫిజియోకి పెట్టండి. రసీదులు మాత్రం దాచండి.

నల్గొండ_గుమాస్తా

నాదీ అదే మాట. గోడ టైల్స్ పని చేస్తున్న సంగతి మీ వకీలు గారికి ఇవాళే చెప్పండి. ముందు ఎంత వచ్చేది, ఇప్పుడు ఎంత వస్తోంది అన్నది సాక్ష్యంలో ఆయనే చెప్పాలి. ఎదుటివాళ్లు ఫోటో తీసుకొచ్చి చూపించేదాకా ఆగొద్దు. అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వస్తే 30 రోజుల్లో కంపెనీ డిపాజిట్ చేయాలి, అప్పీలుకి ఎవరికైనా 90 రోజులు ఉంటుంది. వడ్డీ సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఆయన పేరున బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్ సరిచూసి పెట్టుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు తీసుకునేటప్పుడు నెలలు ఆగాల్సి వస్తుంది.